పేక వెనక్కి తిరిగే చోటు

జంఖానాను నేల మీద పరిచి చూస్తాం. అలాంటిదే అయిన అనటోలియా (టర్కీ) కిలిమ్‌ను మాత్రం ఒకసారి కిటికీకి అడ్డంగా ఎత్తి పట్టుకొని చూడాలి. రంగు మారిన చోటల్లా సన్నని సందుల్లోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా దిగుతుంది. అది చిరుగు కాదు, నేత. టర్కీలో కొన్యా, అక్సరాయ్ చుట్టుపక్కల యోరుక్ సంచార కుటుంబాల ఆడవాళ్లు 19వ శతాబ్దంలో నేసిన పాత కిలిముల పనితనమంతా ఆ సందుల దగ్గరే ఉందని నాకనిపిస్తుంది.

తివాచీకి ఉన్నట్టు కిలిమ్‌కు ముడులూ నూగూ ఉండవు. ఉన్ని పేకను దువ్వెనతో దట్టంగా కొడితే పడుగు పూర్తిగా మునిగిపోతుంది. కంటికి కనిపించే రంగంతా పేకదే. ఎర్ర పేక తన హద్దులోని చివరి పడుగు పోగును చుట్టి వెనక్కి తిరుగుతుంది. పక్కనున్న నీలం పేకా తన హద్దు దగ్గర అంతే. రెండూ కలవవు, మధ్యన సందు మిగులుతుంది. వరంగల్ జంఖానాల్లో రెండు రంగుల పేకలను హద్దు దగ్గర మెలివేసి ఆ సందు పూడ్చే నేత ఉంది. కిలిమ్ నేసే ఆమె పూడ్చదు. అయితే హద్దు నిటారుగా జానెడు సాగిందంటే గుడ్డ అక్కడ రెండుగా విడిపోతుంది. అందుకే కొన్ని వరసలకోసారి హద్దును ఒకటి రెండు పోగులు పక్కకు జరుపుతుంది. అప్పుడు గీత మెట్లెక్కుతుంది. మెట్లు కలిసి డైమండు అవుతాయి, కొక్కెం అవుతాయి, కొమ్ము అవుతాయి.

నడుము మీద చేతులు పెట్టుకున్న స్త్రీని 'ఎలిబెలిందే' అంటారు. 'కొచ్‌బొయ్‌నుజు' పొట్టేలు కొమ్ము. తేలు, తోడేలు నోరు, దిష్టి తీసే కన్ను, నీటి దారి కూడా ఉన్నాయి. వీటికి అంగళ్లలో చెప్పే అర్థాలు బోలెడు. నన్ను ఆపేది వేరే సంగతి: రెండు కొమ్ముల నడుమ ఖాళీ అనుకున్నది కాసేపటికి ఇంకో కొమ్ములా కనబడుతుంది. ఏది బొమ్మ, ఏది నేల అని కన్ను తేల్చుకోలేదు. కాగితం మీద గీసుకోకుండా, పోగులు లెక్కపెట్టుకుంటూ సాధించిన పని అది.

ఈ బొమ్మలకు ఎనిమిది వేల ఏళ్ల వయసు కట్టినవాళ్లూ ఉన్నారు. టర్కీలోని చాతల్‌హొయుక్ అనే ప్రాచీన ఊరిని తవ్విన పురావస్తు శాస్త్రవేత్త జేమ్స్ మెల్లార్ట్, అక్కడి గోడల మీద కిలిమ్ నమూనాలు ఉండేవంటూ 1989లో బొమ్మలు అచ్చేయించాడు. వాటికి ఫొటోలు లేవు. ఆయన పోయాక, 2018లో, ఇంట్లో కల్పిత చిత్రాల చిత్తులు బయటపడ్డాయి. కిలిమ్‌కు ఆ అరువు వయసు అక్కర్లేదు.

గుడారంలో పట్టే మగ్గం ఇరుకు. పెద్ద కిలిమ్ కావాలంటే రెండు పట్టీలుగా నేసి మధ్యలో కుడతారు. కుట్టు దగ్గర ఎడమ సగం డైమండు ఒక వేలు పైన, కుడి సగం ఒక వేలు కింద నిలుస్తుంది. రెండో పట్టీ నాటికి చెయ్యి కాస్త గట్టిగా కొట్టిందన్నమాట. సరిగ్గా అతికినవాటికన్నా నాకివే ఇష్టం.

ఎరుపు మన మంజిష్ఠకు దగ్గరి చుట్టమైన వేరు నుంచి, నీలం నీలిమందు నుంచి వచ్చేవి. ఒక కాగు రంగు అయిపోయి ఇంకో కాగు పెడితే ఎరుపులో చార తేలుతుంది. దాన్ని 'అబ్రాష్' అంటారు. 1856లో రసాయనవేత్త పెర్కిన్ కనిపెట్టిన ఊదారంగు తర్వాత వరసగా వచ్చిన రసాయన రంగులు ఆ శతాబ్దం చివరికి ఈ పల్లెలకూ చేరాయి. వాటిలో కొన్ని వెలుతురుకు నిలవలేదు. పైన బూడిదరంగుగా మిగిలిన కొమ్మును చూసినప్పుడు, పక్కనున్న సందును గోటితో మెల్లగా విప్పండి. ఎండ తగలని మలుపులో పేక ఇంకా గులాబీ రంగులోనే ఉంటుంది.