మార్టిన్ గారి పారసీక క్రొత్త నిబంధన

పెంతెకొస్తు దినమున తమ తమ భాషలలో సువార్త వినినవారిలో పార్తీయులు, మాదీయులు, ఏలామీయులు ఉండిరని అపొస్తలుల కార్యములు రెండవ అధ్యాయము తెలుపుచున్నది. వారి దేశము నేటి ఇరాను ప్రాంతమే. ఆ దేశపు భాషలో హెన్రీ మార్టిన్ చేసిన అనువాదమును పరిశీలించిన యెడల మన తెలుగు సంఘములకును మేలు కలుగును.

పారసీకము మనకు బొత్తిగా పరాయి భాష కాదు. నైజాము దర్బారులో 1880ల వరకు అదియే రాజభాష. సర్కారు, దరఖాస్తు, బజారు అను మాటలు దానినుండియే మన పల్లెలకు వచ్చెను. మార్టిన్ పేరిట 1930లో లాహోరులో ఆరంభమైన అధ్యయన సంస్థ 1971లో హైదరాబాదు చేరి, నాంపల్లి స్టేషను రోడ్డులోను, ఆబిడ్స్‌లోని చిరాగలీ వీధిలోను చాలకాలము నడచెను.

మార్టిన్ 1806లో కంపెనీ చాప్లెయినుగా కలకత్తా చేరెను. పారసీక అనువాదములో ఆయనకు తోడ్పడినవాడు సబాత్ అను అరబ్బు. ఇతడు విశాఖపట్నములో ముస్లిము ధర్మశాస్త్రాధికారిగా ఉండగా అరబ్బీ క్రొత్త నిబంధన చదివి, మద్రాసులో బాప్తిస్మము పొందినవాడు. తరువాత విశ్వాసమునుండి తొలగిపోయెను. వారి మొదటి అనువాదము అరబ్బీ పదములతో బరువెక్కి సామాన్యులకు అందదని పండితులు తేల్చిరి.

అప్పుడు మార్టిన్ ఏమి చేసెను? తన పాండిత్యమును సమర్థించుకొనలేదు. క్షయతో కృశించిన దేహముతోనే 1811లో షిరాజు నగరమునకు పోయి, మీర్జా సయ్యద్ అలీ అను క్రైస్తవేతరునితో కూర్చుండి, పనిని మరల మొదలుపెట్టెను. 1812 ఫిబ్రవరిలో ముగించెను. అదే సంవత్సరము అక్టోబరు 16న తోకాత్ పట్టణములో, 31 యేండ్లకే ప్రభువునందు నిద్రించెను. గ్రంథము 1815లో పీటర్సుబర్గులో అచ్చయ్యెను. అచ్చు పుస్తకమును ఆయన చూడలేదు.

ఆ అనువాదపు గుణమేమనగా, అది వినువారి నోటినుండి వచ్చిన భాష. దేవునికి వారి యింటి మాటయైన ఖుదా అను పేరే అందున్నది. లోపమేమనగా, అరబ్బీ మాటలు ఇంకను మిగిలిపోయెను. రాబర్ట్ బ్రూస్ దానిని సవరించగా, 1895లో సంపూర్ణ బైబిలు వెలువడెను. సవరించుట మార్టిన్‌కు అవమానము కాదు. ఆయన చూపిన త్రోవలో నడచుటయే.

ఆ కాలముననే విశాఖపట్నములో క్రాన్, డిగ్రాంజి దొరలు ఆనందరాయరు సహాయముతో తెలుగు సువార్తలను సిద్ధపరచిరి. అక్కడను ఇక్కడను దేశస్థుని నాలుక లేనిదే వాక్యము వెలువడలేదు.

మన సంఘములలో కొందరు అర్థముకాని మాటయే పరిశుద్ధమని తలంతురు. మరికొందరు సులభము చేయుటకై సిలువమాటలోని పదునునే తీసివేయుదురు. రెండును తప్పే. పాఠము చదివిన పిమ్మట, నాట్లు వేసి వచ్చిన తల్లిని, "అమ్మా, ఏమి వింటివి?" అని అడుగుడి. ఆమె చెప్పగలిగినదే ఆ దినమున మనము నిజముగా చదివిన వాక్యము.

ఇరానులో బైబిలు సొసైటీ 1990లో మూయబడెను. పారసీక విశ్వాసులు అనేకులు ఇండ్లలో తలుపులు వేసికొని వాక్యము చదువుకొనుచున్నారు. మన బైబిలు గూటిలో దుమ్ము పట్టియున్నది. వారికొరకు ప్రార్థింతము, ఆ దుమ్మును నేడే దులుపుదము.