మోకాలికీ మోతాదు ఉంది

మోకాలు బెణికిందనగానే ఇంటిల్లిపాదీ చెప్పే మాట ఒకటే: మంచం దిగొద్దు. షటిల్ ఆడుతుంటే కాలు మెలిపడి, లోపలివైపు లిగమెంటు కాస్త సాగిందని డాక్టరు తేల్చాక నాకూ అదే తీర్పు వచ్చింది. పుత్తూరు కట్టు కట్టించుకోమన్నవాళ్లూ ఉన్నారు. విరిగిన ఎముకను కదలకుండా కట్టడం సబబే. లిగమెంటు తత్వం వేరు. మొదట్లో దానికి కాస్త ఆసరా కావాలి, ఆ వెంటనే కాస్త పనీ కావాలి.

ఈ విషయంలో వైద్యులే మాట మార్చుకున్నారు. విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తిపెట్టడం అనే నాలుగు సూత్రాలను 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ వైద్యుడు గేబ్ మిర్కిన్, ఐసూ పూర్తి విశ్రాంతీ గాయం మానడాన్ని ఆలస్యం చేయొచ్చని 2014లో తానే రాశాడు.

మోకాలికి ప్రధాన లిగమెంట్లు నాలుగు. లోపలి అంచున ఉండే ఎంసీఎల్‌కు రక్తప్రసరణ బాగుంటుంది. అందుకే పోగులు సాగి, ఏ కొన్నో చిట్లిన తేలిక గాయం కత్తి పడకుండానే మానుతుంది. కీలు నడుమ ఉండే ఏసీఎల్ పూర్తిగా తెగితే అంత సులువుగా అతుక్కోదు.

మంచం పడితే ముందు నష్టపోయేది తొడ. మోకాట్లో నీరు చేరితే తొడ ముందు కండరం సరిగా బిగుసుకోదు. అందుకే ఫిజియోథెరపీ చిన్న పనితో మొదలవుతుంది: మోకాలి కింద తువాలు చుట్టిపెట్టి, దాన్ని అదుముతూ తొడ బిగించి వదలడం. తర్వాత కాలు చాపి ఎత్తడం, గోడకు ఆనుకుని సగందాకా కూర్చోవడం, మెట్టెక్కి దిగడం, ఒంటికాలిమీద నిలబడటం. చూసేవాళ్లకు ఇదా వైద్యం అనిపిస్తుంది. అయితే కీలు ఏ కోణంలో ఉందో మెదడుకు చేరవేసే నరాల కొసలు లిగమెంటులోనూ ఉంటాయి. ఒంటికాలి నిలువు వాటికి సాధన.

అసలు నేర్పంతా మోతాదులో ఉంది. ‘‘చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉంటే ఫర్వాలేదు సార్. మర్నాడు పొద్దున వాపు పెరిగిందంటే మాత్రం నిన్న ఎక్కువ చేసినట్టే’’ అంది మా ఫిజియో అమ్మాయి. ఇంతకన్నా సూటి కొలత నాకు దొరకలేదు.

గాయమైనప్పుడు టప్‌మని చప్పుడైనా, గంటల్లో ఉబ్బినా, కాలు మోపితే మోకాలు జారిపోతున్నట్టున్నా, పట్టేసినా అది తేలిక గాయం కాకపోవచ్చు. ఆర్థోపెడిక్ డాక్టరు చూడాల్సిందే.

తేలిక గాయంలో నొప్పి కొన్ని వారాల్లో పోతుంది. పోగులు మునుపటి బిగువుకు రావడానికి నెలలు పడుతుంది. ఈ రెంటి నడుమే చాలామంది కసరత్తు మానేసి కోర్టుకు పరిగెడతారు. ఒంటికాలితో గెంతితే రెండు కాళ్లూ సమానంగా లేచాయా, పక్కకు పరిగెత్తి టక్కున ఆగి తిరగ్గలుగుతున్నామా అన్నది చూసుకున్నాకే రాకెట్ పట్టాలి. అందాకా రోజూ అవే మెట్లు, అదే గోడ. విసుగే, కాదనను. ఆపరేషన్ లేని ఈ వైద్యానికి రోగి చెల్లించే ఫీజులో పెద్దవాటా ఆ విసుగుదే.