ఆంధ్రవిష్ణుని గోడ : కల్పిత దేశపటములను గూర్చి యొక విమర్శ

ఇటీవల నొక శనివారము వాడపల్లి వేంకటేశ్వరస్వామివారి సన్నిధికి వచ్చిన యొక విద్యార్థి, నా పూర్వశిష్యుని కుమారుడు, గౌతమి గట్టున నన్ను కలిసికొని తాను గీసిన దేశపటము నొకదానిని చేతికిచ్చెను. అందు 1565వ సంవత్సరపు రాక్షసితంగడి యుద్ధమున అళియ రామరాయలు జయించినట్లును, విజయనగరము నేటికిని నిలిచియున్నట్లును భావించి, కన్యాకుమారి మొదలు వింధ్యమువరకు నొక్కటే పసుపురంగు పూయబడియుండెను. మా లంకలకును ఆ పసుపే. "ఇలా జరిగుంటే ఎంత బాగుండేదండీ, గురువుగారూ!" యని యతడడిగెను. ఇట్టి పటములను గీసి, లేని రాజ్యములకు సరిహద్దులును, ముఖ్యపట్టణములును, జెండాలును కల్పించి, తమలో తాము వాదించుకొను యువకులు నేడు పెక్కుమంది యున్నారట. ఇది పని లేనివారి పని యని త్రోసివేయుటకు నాకు మనసొప్పలేదు. ఏలయన నీ పనిని మన పండితులు చాలకాలము క్రిందనే చేసియున్నారు. అదియు వ్యాకరణ గ్రంథములలో చేసియున్నారు.

జరుగని దానిని చెప్పుటకు సంస్కృతమున ప్రత్యేకముగా నొక లకారమే కలదు. అది లృఙ్. పాణిని మూడవ యధ్యాయము, మూడవ పాదము, 139వ సూత్రమున దానిని విధించెను. క్రియాతిపత్తి, అనగా క్రియ నెరవేరకపోవుట, అచట నిమిత్తము. అయితే నెరవేరకపోవుట యొక్కటియే చాలదు. హేతుహేతుమద్భావము కూడ నుండవలెను. ఇది యుండినచో అది యుండెడిదను సంబంధము లేనిచోట లృఙ్ రాదు. కాశికావృత్తి యిచ్చిన యుదాహరణము సామాన్యమైనది: కుడిదారిని వచ్చియుండినచో బండి బోల్తాపడి యుండెడిది కాదని దాని భావము. ఒక దారిచీలిక, ఒక బండి, అంతే. కుడిదారిని వచ్చియుండినచో బండివాని మనుమడు మంత్రియై యుండెడివాడని వృత్తికారుడు చెప్పలేదు.

ఇంకొక చమత్కారము. ఆచార్యుడు లృఙ్ను మొదట భవిష్యద్విషయమున చెప్పి, 140వ సూత్రమున భూతమునకు విస్తరింపజేసెను. రూపమును చూడుడు. అభవిష్యత్ అనుచోట ముందున్న అడాగమము భూతలకారములకు చెందినది. నడుమనున్న స్య భవిష్యత్తునకు చెందినది. జరిగిపోయిన కాలములో నొక భవిష్యత్తును నిలుపుటయే యీ లకారపు పని. తెలుగున దీనికి ప్రత్యేకరూపము లేదు. చేదర్థకముతో సహాయక్రియను జేర్చి "వచ్చియుండినచో... ఉండెడిది" యని సాగదీయవలసి యున్నది. అందుచేతనేమో, తెలుగున నీ విషయమును వ్రాయువారు తరచుగా తాము కల్పించుచున్నామో, జరిగినది చెప్పుచున్నామో మరచిపోవుదురు.

ఈ కొలతతో ముందుగా మా కుఱ్ఱవాని పటమునే చూతము. రామరాయలు ఆనాడు శత్రువుల చేతబడకుండినచో సేన చెదరియుండెడిది కాదనుట లృఙ్. హేతువు దగ్గరనే యున్నది, ఫలము దగ్గరనే యున్నది. విజయనగర పట్టణము పాడై యుండెడిది కాదనుటయు నొప్పుదును. కాని గోదావరి లంకలకు పసుపురంగు పూయుటకు హేతువేది? కృష్ణదేవరాయలు సింహాచలము దాక నడిచినను, గజపతితో సంధియైనపిమ్మట కృష్ణకు ఉత్తరమున గెలిచిన సీమను మరల ఆతనికే విడిచెను. రాయలకాలముననే నిలువని యధికారమును రామరాయల జయము తెచ్చిపెట్టునా? దానికి వేరొక బండి, వేరొక దారి కావలెను. వింధ్యము మాట యిక చెప్పనక్కరలేదు.

ఇక పండితుల పటమునకు వత్తును. 1816లో అచ్చైన క్యాంబెల్ దొర తెలుగు వ్యాకరణపు పీఠికలో ఆంధ్రకౌముదిలోనిదిగా నొక కథ యున్నది. ఆంధ్రవిష్ణువను రాజు శ్రీశైలము, భీమేశ్వరము, కాళేశ్వరము, మహేంద్రపర్వతము వీనిని గలుపుచు నొక మహాప్రాకారమును గట్టించి, దానికి మూడు ద్వారములు పెట్టెననియు, ఆ ద్వారములందు ముక్కంటి మూడు లింగములై వెలసెననియు, పదుమూడు యుగములు నిశుంభునితో పోరి వానిని చంపి రాజు గోదావరీతీరమున నివసించెననియు, అందువలన నీ దేశము త్రిలింగమయ్యెననియు దాని సారము. ఆ పీఠికయే తొలి తెలుగు వ్యాకరణమును కణ్వుడు ఆంధ్రరాజు పంపున రచించెనని కూడ చెప్పుచున్నది. దేశమునకు గోడ, భాషకు వ్యాకరణము. రెండును ఒకే రాజవంశపు కథలో పుట్టినవి.

ఈ కథను చరిత్రగా నమ్మినవారును, పుక్కిటిపురాణమని నవ్వినవారును కలరు గాని, పటముపై నెవరైన కొలిచిచూచిరో లేదో నేనెఱుగను. నేను గోడపటముపై నూలుపోగు పరచి చూచితిని. భీమేశ్వరమనగా ద్రాక్షారామము, గౌతమికి తూర్పున మాకు దగ్గరిది. శ్రీశైలము నుండి ద్రాక్షారామమునకు నూలు లాగినచో వాడపల్లి కొద్దిమైళ్ల తేడాతో గోడకు లోపల పడినది. వేంగియు లోపలనే. అమలాపురము, రాజోలు వెలుపల పడినవి. గుంటూరు వెలుపల, నెల్లూరును, రాయలసీమయు చెప్పనే యక్కరలేదు. అన్నింటికంటె వింత యేమనగా, ఆంధ్రవిష్ణువు దేవుడుగా పూజలందుకొను కృష్ణాతీరపు శ్రీకాకుళము కూడ గోడకు వెలుపలనే పడినది! తన గుడినే బయట విడిచి గోడ కట్టిన రాజును నేనింతకుముందు వినియుండలేదు.

గోడ తిన్నగనే పోవలెనని యెవరన్నారని యడుగవచ్చును. నిజమే. కాని శ్రీశైలము నుండి కాళేశ్వరమునకు లాగిన నూలు ఓరుగంటి మీదుగ పోవుచున్నది. ఇది కాకతాళీయము కావచ్చును. అయినను కాకతి ప్రతాపరుద్రుని యాస్థానకవి విద్యానాథుడు, తన ప్రతాపరుద్రీయమున ద్రాక్షారామ శ్రీశైల కాళేశ్వరములనే త్రిలింగములుగా బేర్కొనెనని మనమెఱుగుదుము. అతనికి గోడ లేదు, స్తుతియే గలదు. ఓరుగంటి సింహాసనమెదుట నిలిచి చూచువానికి కనబడు దేశమది. 1323లో ఆ సింహాసనము కూలినది. స్తుతి మాత్రము నిలిచి, కథలో రాయియు సున్నమును పోసికొని ప్రాకారమైనది. త్రిలింగ శబ్దము నుండి తెలుగు శబ్దము పుట్టెనను అప్పకవి ప్రభృతుల మాటను నేనిచట చర్చింపను. దేశ్యమైన పేరునకు సంస్కృతపు తొడుగు తొడిగిరనువారి పక్షముననే నేనున్నాను.

కొందఱు కాళేశ్వరమునకు మాఱుగా కాళహస్తిని మూడవ లింగముగా చెప్పుదురు. అట్లు చెప్పి మరల నూలు లాగి చూచితిని. ఇప్పుడు గుంటూరు లోపలికి వచ్చినది. శ్రీకాకుళము లోపలికి వచ్చి ఆంధ్రవిష్ణువు తన గుడికి చేరెను. ఓరుగల్లు వెలుపలికి పోయినది. కాళేశ్వరమనినచో తెలంగాణము లోపల, కాళహస్తి యనినచో తెలంగాణము వెలుపల. ఇది కేవలము పాఠభేదము కాదు. 1956 నవంబరు 1న రెండు భాగములు కలిసి, 2014 జూన్ 2న విడిపోయిన దేశములో నివసించు మనకు, పాఠమును నిర్ణయించుచున్నది ప్రతియా, పాఠకుడా యను ప్రశ్న యిచట తప్పదు. ప్రతిలో కాళేశ్వరమే యున్నది. దానిని కాళహస్తిగా దిద్దువారు తమ దేశమును దిద్దుకొనుచున్నారు. వేయేల, ఈ విషయమున రెండు ప్రక్కలవారును దోషులే.

ఈ సందర్భమున లృఙ్ను లుఙ్గా పలుకు తప్పును గూర్చి యొకమాట. కోట వేంకటాచలముగారు అలెగ్జాండరు కాలపు చంద్రగుప్తుడు మౌర్యుడు గాక గుప్తవంశజుడని వాదించి, మన రాజవంశముల కాలములనన్నిటిని వెనుకకు జరిపిరి. విశ్వనాథ సత్యనారాయణగారి పురాణవైర గ్రంథమాలలోని పండ్రెండు నవలలు ఆ లెక్కనే యనుసరించినవి. నవలాకారునిపై నాకు ఫిర్యాదు లేదు. కథకు తన కాలము తాను గట్టుకొను హక్కు గలదు. లెక్కను చరిత్రగానే యొప్పుకొనుమనువారితోనే నా తగవు. "ఇట్లుండినచో" అని మొదలిడి, మూడవ పుట దాటకమునుపే "ఇట్లుండెను" అనువారు చేదర్థకమును మ్రింగివేయుచున్నారు. మా కుఱ్ఱవాడు పటము మూల "కల్పితము" అని వ్రాసికొనెను. ఆ యొక్క మాటచే నతడు పెక్కుమంది పెద్దలకంటె మెఱుగు.

1913లో బాపట్లలో మొదటి ఆంధ్రమహాసభ జరిగిన యుద్యమకాలపు ఆంధ్రదేశ పటములు వేఱుజాతివి. అవి లృఙ్ కాదు, ప్రార్థనార్థకమైన లిఙ్. కాలేదని తెలిసి గీసినవి కావు, కావలెనని గీసినవి. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు బళ్లారి మైసూరునకు పోయినది, ఆదోని మనకు వచ్చినది. 1960లో తిరుత్తణి మద్రాసునకు పోయినది. కోరిక గీతకు, జరిగిన గీతకు నడుమ నున్న సందులో మనుష్యులు నివసించుచున్నారు. భద్రాచలము 1959 వరకు మా తూర్పుగోదావరి జిల్లాలోనిదే. పిదప ఖమ్మమునకు చేరినది. 2014లో దాని చుట్టునున్న మండలములు మరల ఆంధ్రప్రదేశమునకు వచ్చినవి గాని, రాములవారి గుడియున్న పట్టణము అచటనే నిలిచినది.

కల్పితపటములలో మా ప్రాంతమునకు తగినది, లృఙ్ కొలతకు చాలవఱకు నిలుచునది, ఫ్రెంచి పటము. 1753లో ఉత్తర సర్కారులు సలాబత్‌జంగు వలన ఫ్రెంచివారికి దక్కినవి. 1758లో లాలీ, బుస్సీని దక్షిణమునకు పిలిపించెను. విజయనగరపు ఆనందరాజు ఆంగ్లేయులను రప్పించెను. ఫోర్డు దొర వచ్చి ఆ యేటనే చందుర్తి యొద్ద ఫ్రెంచిసేనను ఓడించి, మరుసటియేట బందరు కోటను పట్టెను. బుస్సీ యిచటనే యుండినచో చందుర్తి ఫలము వేఱుగా నుండెడిదనుట చక్కని క్రియాతిపత్తి. అయితే "కావున కోనసీమ ఫ్రెంచిదేశమై యుండెడిది" అనుట మరల మనుమని మంత్రిపదవియే. పుదుచ్చేరియే 1761లో ఆంగ్లేయులకు చిక్కి, 1763 నాటి పారిసు సంధివలన తిరిగి వచ్చెను గదా.

కాని యీ కల్పనను పరీక్షించుటకు మనకొక నిజమైన తునక మిగిలియున్నది. అది యానాము, గౌతమికి ఆవలియొడ్డున, ఎదుర్లంకకు ఎదుట, 1954 వఱకు ఫ్రెంచివారి క్రింద నున్నది. అచట దేశాంతరపు గీత యేమి చేసినదని చూచినచో పటముల రంగులన్నియు వెలవెలబోవును. 1929లో శారదాశాసనమై 1930 నుండి బ్రిటిషు సీమలో బాల్యవివాహము శిక్షార్హము కాగా, గోదావరి మండలములవారు పడవలలో నేరు దాటి పోయి, ఆ శాసనము చెల్లని యానాములో పసిపిల్లలకు పెండ్లిండ్లు చేసివచ్చిరి. సరిహద్దనగా జెండా యని తలచు పటకారులు ఈ సంగతిని తప్పక తెలిసికొనవలెను. ఆ గీతను దాటించిన పిల్లలకు గీత యెచటనున్నదో తెలియదు, తెలిసినవారు పెద్దలు.

మా వాడపల్లి విషయమును చెప్పకుండుట కష్టము. 1931లో స్వామివారి రథోత్సవమున రథముపై గాంధీగారి చిత్రపటము నుంచుటను గూర్చి వివాదము పుట్టి పోలీసులు తుపాకులు పేల్చిరి, ప్రాణములు పోయినవి. అప్పటికి స్వతంత్రభారతము ఏ పటమునను లేదు. రథముపై నుంచిన చిత్రము వట్టి కల్పనయే యని యెవరైన ననవచ్చును. వ్యాకరణమున దానికి చోటు లృఙ్లో లేదు, ఆశీర్లిఙ్లో నున్నది. దానిని పెట్టినవారు ఆశీస్సుగా బెట్టిరి. ప్రభుత్వమువారు దానిని జరిగిపోయిన తిరుగుబాటుగా, లుఙ్గా జదివిరి. ఒకే వాక్యమును ఇరువురు రెండు లకారములలో చదువుటవలన కలిగిన మరణములవి.

శిష్యుని కుమారునికి ఈ సంగతులన్నియు చెప్పి, పటమును తిరిగి గీయుమంటిని: జరిగినదానికి నిండుగీత, కోరినదానికి చుక్కలగీత, జరిగియుండదగినదానికి విఱుగుగీత. ప్రతి విఱుగుగీత ప్రక్కను దాని హేతువును ఒక్క వాక్యములో వ్రాయవలెను. వాక్యము రెండు బండ్లను మోసినచో గీతను చెఱిపివేయవలెను. రెండువారముల తరువాత వచ్చి చూపెను. లంకలమీది పసుపు పోయినది. వింధ్యము పోయినది. చందుర్తి ప్రక్క మంచి వాక్యము వ్రాసెను. ఆంధ్రవిష్ణుని గోడను కూడ చుక్కలతో గీసి, రెండు పాఠములను రెండు రంగులలో చూపెను. "మా అమ్మమ్మగారి ఊరు అమలాపురం పక్కనండీ, రెండింట్లోనూ బయటే పడిందండీ" అని నవ్వెను. ఏ పాఠమును గైకొన్నను ఆ యూరు బయటనే పడునా యని నూలుపోగు తెచ్చి మరల కొలిచితిని. బయటనే పడినది.