ఒక ప్రశ్న వెంట: సేథర్ ఉపన్యాసాలు

గ్రీకు వీరుడు అకిలీస్‌కు దక్కిన బందీ బ్రిసేయిస్‌ను సేనాధిపతి అగమెమ్నాన్ లాక్కున్నాడు. అకిలీస్ అలిగి యుద్ధం మానేయడంతో గ్రీకు సేన చావు అంచుకు వెళ్ళింది. హోమర్ 'ఇలియడ్'లో చివరికి రాజీ కుదిరిన రోజున అగమెమ్నాన్, తప్పు తనది కాదంటాడు. దేవరాజు జ్యూస్, విధి, ప్రతీకార దేవత ఎరిన్యుస్ కలిసి తన బుద్ధికి మాయ కమ్మించారంటాడు. తప్పించుకోవడానికి అన్న మాటేనా ఇది?

1949-50లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో గ్రీకు పండితుడు ఇ.ఆర్. డాడ్స్ తన సేథర్ ఉపన్యాసాల్లో మొదటిదంతా ఈ ఘట్టం చుట్టూనే నడిపారు. ఆయన పద్ధతి గమనించండి. ముందు బాధితుడిని అడిగారు. అకిలీస్ కూడా ఆ మాటే నమ్ముతున్నాడు. తర్వాత అగమెమ్నాన్ ఏం చేశాడో చూశారు. నేరం తనది కాదంటూనే భారీగా పరిహారం ఇస్తున్నాడు. సాకు వెతికేవాడు అలా ఇవ్వడు కదా! అంటే ఆ కాలపువాళ్ళు మనసును మనలా ఊహించుకోలేదన్నమాట. అక్కడి నుంచి కలలు, పూనకాలు, సోక్రటీసుకు వినిపించిన దివ్యవాణి దాకా వెళ్ళి, గ్రీకులంటే హేతువు ఒక్కటే అన్న నమ్మకాన్ని ఆయన కదిలించారు. 1951లో అచ్చయిన ఆ ఉపన్యాసాల పుస్తకం 'ది గ్రీక్స్ అండ్ ది ఇర్రేషనల్' నాకు ఈ పరంపరలోకెల్లా ప్రియమైనది.

ఈ ఉపన్యాసాలకు ఆధారమైన సేథర్ పీఠం జేన్ సేథర్ అనే ఆమె విరాళంతో ఏర్పడింది. పిలుపు అందుకున్న పండితుడు కొన్ని నెలలు అక్కడే ఉండి, విద్యార్థులకు పాఠం చెబుతూ, అందరూ వినేలా ఉపన్యాసాలిస్తాడు. అవి తర్వాత పుస్తకమవుతాయి. వినేవాళ్ళలో గ్రీకు రానివాళ్ళూ ఉంటారు. కాబట్టి ప్రతి ఆధారాన్నీ విప్పి చూపాలి.

ఒకరి మాటకు మరొకరి జవాబూ ఆ వేదిక మీదే వస్తుంది. గ్రీకు సమాజం పరువు, సిగ్గుల మీద నిలిచిన దశ నుంచి అపరాధ భావం వైపు కదిలిందని డాడ్స్ అన్నారు. నలభై ఏళ్ళకు, 1989లో, తత్త్వవేత్త బెర్నార్డ్ విలియమ్స్ అక్కడే సోఫోక్లిస్ నాటకంలోని అజాక్స్‌ను చూపించి, సిగ్గు కేవలం నలుగురి కళ్ళకు భయపడటం కాదని వాదించారు.

1972లో ఇదే వేదిక మీద చరిత్రకారుడు మోజెస్ ఫిన్లీ ప్రాచీనుల ఆర్థిక జీవితాన్ని నేటి మార్కెట్ లెక్కలతో కొలవకూడదన్నారు. అక్కడ భూమి, హోదాలదే పైచేయి అన్నారు. ఆ వాదం ఇంకా తెగలేదు. దానికి ఎదురుగా, కేరళ తీరపు రేవు ముజిరిస్ నుంచి వెళ్ళిన ఓడ సరుకు విలువను సుమారు 70 లక్షల సెస్టెర్సులుగా (రోమన్ నాణేలు) చూపే పాపిరస్ పత్రం 1985లో వెలుగుచూసింది. మన నల్లగొండ ప్రాంతంలో దొరికిన రోమన్ నాణేలూ ఈ చర్చలో సాక్ష్యాలే.

మన విశ్వవిద్యాలయాల్లో స్మారకోపన్యాసాలకు కొదవలేదు. కానీ అవి ఒక్క సాయంత్రంతో, శాలువాతో ముగుస్తున్నాయి. ఏడాదికి ఒక్క పండితుడినైనా పిలిచి, నాలుగు నెలల సమయమిచ్చి, ఒకే ప్రశ్న మీద మాట్లాడించి, ఆ మాటలను అచ్చువేయాలి.