గోడకు అవతల నిలబడేవాడు

సాయంత్రమైతే మా నాన్నమ్మ పశువుల పాకలో కొబ్బరి పీచు రాజేసి దోమలకు పొగ పెట్టేది. పొగ ఆగిపోయినా ఆ పీచును అలా వదిలేసేది కాదు. చెంబెడు నీళ్లు పోసి, కర్రతో విడదీసి, మళ్లీ పోసేది. పడుకోబోయే ముందు దీపం పట్టుకుని ఇంకోసారి వెళ్లి చూసేది. "పీచులో నిప్పు పడుకుంటాది గానీ సావదురా" అనేది. ఆ మాట ఎంత నిజమో ఇరవయ్యో ఏట, ఓడల రిపేరు పనిలో చేరాక గాని నాకు తెలిసిరాలేదు.

కంచిలి, సోంపేట, కవిటి వైపు వెల్డింగుకీ ఫిట్టింగుకీ ఊరు విడిచి వెళ్లినవాళ్లు ఏ వీధిలో అడిగినా ఉంటారు. నేనూ అలాగే పలాసలో రైలెక్కి, దూరంగా ఒక యార్డులో దిగాను. చేతిలో పనేమీ లేదు కనుక ఫైర్ వాచ్ అప్పజెప్పారు. వెల్డింగో గ్యాస్ కటింగో జరిగే చోట నీళ్ల బకెట్టు, ఎక్స్‌టింగ్విషర్ దగ్గర పెట్టుకుని నిప్పురవ్వలను కాచుకోవాలి. ఏ పనీ రానివాడికి ఇచ్చే పని అది అని అందరూ అనుకునేవారు. నేనూ అనుకున్నాను.

అది ప్రయాణికుల ఓడ. ఒక గదిలో గోడకున్న పాత బ్రాకెట్లు గ్యాస్‌తో కోస్తున్నారు. నేను వెల్డరు పక్కన నిలబడి రవ్వలు చూస్తున్నాను. మా మేస్త్రిది సోంపేట. "ఏట్రా సూస్తన్నావు? ఇటు సూడ్డానికి ఆడున్నాడు. నువ్వు గోడవతలికెల్లు" అని నన్ను పక్క గదిలోకి తీసుకెళ్లాడు. నా చెయ్యి తిప్పి, వెనకవైపు రేకు దగ్గరగా పెట్టించాడు. తగలకుండానే వేడి కొట్టింది. గోడ రంగు చిన్నచిన్న బుడగలై పొంగుతోంది. జానెడు దూరంలో పరుపులు దొంతరగా పేర్చి ఉన్నాయి. "రవ్వ ఇటు రానక్కర్లేదు. ఏడి సాలు" అన్నాడు.

చాలా ఏళ్ల తర్వాత నాగసాకి సంగతి చదివినప్పుడు ఆ బుడగలే కళ్లముందు కదిలాయి. 2002 అక్టోబరు 1న అక్కడి మిత్సుబిషి యార్డులో 'డైమండ్ ప్రిన్సెస్' అనే విహార నౌక కడుతుండగా కాలిపోయింది. వెల్డింగు జరిగింది కింది గది పైకప్పుకు. అంటుకున్నవి పై గదిలోని సామాన్లు.

ప్రయాణికుల ఓడ అంటే నీళ్ల మీద లాడ్జి లాంటిది. పరుపులు, తెరలు, ప్లైవుడ్డు, లైఫ్ జాకెట్లు, ఎటు చూసినా అంటుకునేవే. రిపేరుకు వచ్చినప్పుడు దాని కాపలా అంతా సెలవులో ఉంటుంది. నీళ్ల పైపులు విప్పేసి ఉంటాయి, పొగను పసిగట్టే అలారాలు ఆపేసి ఉంటాయి. మంటను ఆపడానికి పెట్టిన ఇనుప తలుపుల్లోంచి గ్యాస్ గొట్టాలూ కరెంటు వైర్లూ పోతుంటాయి. ఆ తలుపు మూద్దామన్నా మూతపడదు.

న్యూయార్కులో 1942 ఫిబ్రవరి 9న 'నార్మండీ' అలాగే పోయింది. యుద్ధానికి సైనికులను చేరవేసేలా ఆ పెద్ద ప్రయాణికుల ఓడను మారుస్తున్నారు. హాల్లో ఒక ఇనుప స్తంభాన్ని గ్యాస్‌తో కోస్తుంటే, గోనెలో చుట్టి గుట్టగా పోసిన లైఫ్ జాకెట్లు అంటుకున్నాయి. వాటి లోపలున్నది తెల్లబూరుగు దూది. ఆర్పడానికి పోసిన నీళ్లు పై అంతస్తుల్లో నిలిచిపోయి, ఆ బరువుకు ఓడ అర్ధరాత్రి దాటాక పక్కకు ఒరిగిపోయింది. మొదటి నిమిషంలో ఒక బకెట్టుతో పోయే నిప్పుకు తర్వాత నదిని తోడిపోయాల్సి వచ్చింది.

నా తప్పు కూడా చెప్పాలి. ఒక మధ్యాహ్నం వెల్డరు మంట ఆపి భోజనానికి లేచాడు. నేనూ క్యారేజీ పట్టుకుని వెనకే వెళ్లిపోయాను. ఇరవై నిమిషాల తర్వాత వచ్చేసరికి అవతలి గదిలో పొగ. ఒక పరుపు అంచు నల్లబడి ఉంది. మంటంటూ లేదు, ఎర్రటి గీత ఒకటి మెల్లగా పాకుతోంది. అచ్చం నాన్నమ్మ పీచులో నిప్పే. రెండు బకెట్లతో ఆరిపోయింది. మేస్త్రి తిట్టలేదు. నిచ్చెన ఎక్కించి పై డెక్కు చూపించాడు. రంగులేసేవాళ్లు పదిహేనుమంది వరసగా కూచుని అన్నాలు తింటున్నారు. వాళ్లు కిందికి దిగే దారి ఆ గది ముందునుంచే.

ఆరోజు నేను తిండి ముట్టలేదు.

మంట ఆపగానే ఫైర్ వాచ్ పని అయిపోదు, అసలు పని అప్పుడే మొదలవుతుంది. అమెరికా షిప్‌యార్డు నిబంధనల్లో ఆ తర్వాత కనీసం అరగంట కాపలా అని ఉంది. అక్కడి అగ్నిభద్రతా ప్రమాణం 2019లో దాన్ని గంటకు పెంచింది. గ్యాస్ గొట్టాలదీ అదే దారి. భోజనానికి లేచినా, షిఫ్టు దిగినా వాటిని గదిలో వదలకూడదు. మూసిన గదిలో కారిన గ్యాస్ తర్వాత వచ్చేవాడి రవ్వ కోసం కాచుకుని ఉంటుంది. 2018 ఫిబ్రవరి 13న కొచ్చి షిప్‌యార్డులో రిపేరుకు వచ్చిన 'సాగర్ భూషణ్' ఓడలో పేలుడు జరిగి ఐదుగురు పోయారు. పొద్దున పనికి వెళ్లినవాళ్లు.

ఇప్పుడు టెక్కలి వైపు మూలపేటలో పోర్టు కడుతున్నారు. ఓడలొస్తే వాటి రిపేర్లూ వస్తాయి, మన పిల్లలకు పనీ దొరుకుతుంది. వెల్డింగు నేర్పే ప్రతి చోటా ఈ కాపలాను కూడా ఒక విద్యగా నేర్పాలని నా కోరిక. ఆ పనిని నిన్న చేరిన కుర్రాడి నెత్తిన పడేసి చేతులు దులుపుకోకూడదు. వాడికి టార్చిలైటు ఇవ్వండి, నీళ్లున్న గొట్టం ఇవ్వండి, "పని ఆపండి" అనే హక్కు ఇవ్వండి. ఆ మాట అన్నందుకు కూలి కోయకండి.

బాబూ, నువ్వు గోడకు అవతల నిలబడేవాడివైతే నాదొక్క మాట. క్యారేజీ విప్పే ముందు రేకు దగ్గర చెయ్యి పెట్టి చూడు. వేడి తగిలితే అన్నం చల్లారినా ఫర్వాలేదు, అక్కడే ఉండు.