ఆసుపత్రికి పోవువారి టీకా

మశూచికము, తట్టు వంటి వ్యాధులకు టీకా కూర్చినవారికి శత్రువొక్కడే. టీకా పొందువారు ఆరోగ్యవంతులు. దేహము సన్నద్ధమగుటకు వలసినంత వ్యవధి యుండెడిది. ఆసుపత్రిలో సోకు బాక్టీరియా విషయమున ఈ మూడును కొఱవడినవి. కోతకు సిద్ధమగువాడో, డయాలసిస్ యంత్రము నాశ్రయించినవాడో, వెంటిలేటరుపై నున్నవాడో యగు రోగిని క్లెబ్సియెల్లా పట్టునో, సూడోమోనాస్ పట్టునో ముందుగ నెవ్వరును చెప్పజాలరు. సాధారణముగ టీకా ఫలించుటకు వారములు పట్టును, శస్త్రచికిత్స యన్నాళ్ళు ఆగదు. ఇక స్టెఫిలోకాకస్ ఆరియస్ ఇంచుమించు ముగ్గురిలో నొకరి నాసికలో నే హానియు చేయక కాపురముండు జీవి. దానికి ప్రతికూలమైన యాంటీబాడీలు మన నెత్తురున నిదివఱకే యున్నను, అవి మనలను కాపాడుట లేదు.

ఈ సత్యమునకు మెర్క్ మందుల సంస్థవారు స్టెఫిలోకాకస్‌కు కూర్చిన వీ710 టీకా దారుణమైన నిదర్శనము. ఛాతీ తెఱచి చేయు శస్త్రచికిత్సకు సిద్ధమైన సుమారు 8,000 మందిపై జరిగిన యా పరీక్షలో, టీకా పొందినవారికి యాంటీబాడీలు వృద్ధియైనను వ్యాధి తగ్గకపోవుటయే గాక, స్టెఫిలోకాకస్ సోకినవారిలో టీకా పొందినవారే యధికముగ మరణించిరి. 2011లో పరీక్ష నాపివేసి, ఫలితములను 2013లో దాపఱికము లేక ప్రకటించిరి. గుండె ఆపరేషను చక్కగ ముగిసియు, కుట్లచోట పట్టిన చీముతో నెలల తరబడి కృశించిన యాప్తుని కన్నులార చూచితిని గనుక, ఆ పరీక్షకు దేహములర్పించిన యజ్ఞాతవ్యక్తులకు నేను ఋణపడియున్నానని తలంతును. వైఫల్యమును వెల్లడించుట యీ విద్యలో విజయమంత పవిత్రమైన కర్తవ్యము.

2023లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున బ్రాడ్ స్పెల్‌బర్గ్, బ్రయన్ లూనా ప్రభృతులు వేఱొక మార్గము త్రొక్కిరి. అల్యూమినియం హైడ్రాక్సైడు, మోనోఫాస్ఫొరిల్ లిపిడ్ ఏ, శిలీంధ్రమునుండి తీసిన మన్నాన్ అను మూడింటినే కలిపిరి. ఏ బాక్టీరియా ప్రోటీనును అందు చేర్చలేదు. దొంగ యానవాళ్ళు చెప్పుటకు మాఱుగ తలారినే తట్టి లేపినట్లు, అది పుట్టుకతో వచ్చిన రక్షణశక్తిని మేల్కొల్పును. ఎలుకలందు 24 గంటలలో రక్షణ మొదలై, 28 దినములవఱకు నిలిచినది. మందులకు లొంగని స్టెఫిలోకాకస్, అసినెటోబాక్టర్ మాత్రమే గాక కాండిడా శిలీంధ్రము సైతము నిరోధింపబడినది. ఆసుపత్రిలో నుండవలసిన స్వల్పకాలమునకు సరిపడు రక్షణ యిది. అందువలననే ఈ యాలోచన నాకు మిక్కిలి సమంజసముగ తోచుచున్నది. ఎలుక మనుష్యుడు కాదు. జీర్ణించిన వృద్ధదేహమున నిది యెట్లు వర్తించునో మానవపరీక్షయే తేల్చవలెను.

అందాక 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు తోటివైద్యులకు విధించిన నియమమే మనకును శరణ్యము: రోగిని చూడబోవు పాఠకులారా, మంచము తాకకమునుపు చేతులు శుభ్రముగ కడుగుకొనుడు.