అట్ట లాగితే కథ కదులుతుంది

టక్, టక్ మని రెండు చెక్కముక్కల చప్పుడు వినిపించగానే పిల్లలు ఆటలు ఆపేసి పరుగెత్తుకొచ్చేవారు. 1930ల్లో టోక్యో వీధుల్లో ఇది మామూలే. సైకిలు వెనక చెక్క పెట్టె కట్టుకుని కథకుడు వచ్చేవాడు. ముందు మిఠాయి అమ్మేవాడు. అతని బతుకుతెరువు అదే. తర్వాత కథ మొదలుపెట్టి, మంచి పట్టులో ఉండగా ఆపి, మిగతాది మర్నాటికి దాచేవాడు. ఆ కళ పేరు కామిషిబాయి. కామి అంటే కాగితం, షిబాయి అంటే నాటకం.

1953లో జపాన్‌లో టీవీ వచ్చాక వీధి కథకులు క్రమంగా కనుమరుగయ్యారు. ఆ కొత్తలో టీవీని జనం 'కరెంటు కామిషిబాయి' అనేవారు. అయినా ఈ కళ పోలేదు. తకహాషి గోజాన్ వంటివారు అంతకు ముందే చిన్నపిల్లల బడుల కోసం దీన్ని అచ్చువేయించారు. నేటికీ అక్కడి శిశు పాఠశాలల్లో, గ్రంథాలయాల్లో ఇది బతికే ఉంది.

దీని పనితనం చాలా తేలిక. కథకు 12 లేదా 16 బొమ్మల అట్టలు. వాటిని బుతాయ్ అనే చెక్క చట్రంలో పేరుస్తారు. మొదటి బొమ్మకు చెప్పాల్సిన మాటలు చివరి అట్ట వెనక ఉంటాయి. మొదటి అట్టను పక్కకు లాగి వెనక పెడితే, దాని వీపున రెండో బొమ్మ మాటలు కనబడతాయి. చెప్పేవారు మాటలు చదువుతుంటే పిల్లలు బొమ్మ చూస్తారు.

అసలు నేర్పు లాగడంలో ఉంది. జపాన్ జానపద కథ మొమొతారోనే తీసుకోండి. ఏటి ఒడ్డున బట్టలుతుకుతున్న అవ్వ ముందుకు పెద్ద పీచ్ పండు కొట్టుకొస్తుంది. ఆ అట్టను మెల్లగా లాగితే పండు తేలుతూ వస్తున్నట్టే ఉంటుంది. పండు పగిలే చోట ఒక్క ఉదుటున లాగాలి. సగం లాగి ఆగితే పిల్లలు ఊపిరి బిగబడతారు. ఆ మౌనాన్ని జపనీయులు 'మా' అంటారు. చదవడం వచ్చిన అందరికీ అది రాదు. పిల్లల ముఖాలు చూస్తూ చెప్పేవారికే వస్తుంది.

ఒక దేశాన్ని పసివాళ్లకు పరిచయం చేయడానికి ఇంతకన్నా మంచి దారి నాకు తెలియదు. పండులోంచి పుట్టిన మొమొతారో తన వరిగ పిండి ఉండలను కుక్కకు, కోతికి, నెమలి జాతి పక్షికి పంచి వాటిని నేస్తాలను చేసుకుంటాడు. ఇంట్లో అడుగుపెట్టే ముందు చెప్పులు విప్పడం, అన్నం ముందు చేతులు జోడించి 'ఇతదాకిమాసు' అనడం కూడా ఇలా బొమ్మల్లోంచే పిల్లలకు తెలుస్తాయి. పక్కవాడు నవ్వితే తనూ నవ్వుతూ, అందరితో కలిసి నేర్చుకున్నది పిల్లవాడు మరచిపోడు.

చేర్యాల పటం విప్పుతూ కథ చెప్పే సంప్రదాయం మనకూ ఉంది. కనుక ఇది మనకు పరాయిగా తోచదు. 12 డ్రాయింగు అట్టలు, ఒక పాత అట్టపెట్టె చాలు. ఈ ఆదివారం మీ పిల్లలచేత బొమ్మలు వేయించండి. ఫోను పక్కన పెట్టి, మొదటి అట్ట మీరు లాగండి. రెండోది వాళ్ల చేతికివ్వండి.